వెనక హింజ్‌ల తలుపులున్న ఫియట్ 500ను ‘ఎల్’ అనొచ్చా?

అనకూడదు. ఫియట్ 500 అనే పాత ఇటాలియన్ చిన్న కారులో నువోవా, డి, ఎఫ్, ఎల్, ఆర్ అనే రకాలున్నాయి. వాటిలో ఎల్ వచ్చింది 1968లో. అంతకు మూడేళ్ల ముందే, 1965లో ఎఫ్‌తో, తలుపుల హింజ్‌లు ముందువైపుకి మారిపోయాయి. మీరు కొందామని చూసిన బండికి ఎల్ డ్యాష్‌బోర్డు, బంపర్ల మీద గొట్టపు కడ్డీలు ఉన్నా సరే, హింజ్‌లు తలుపు వెనక అంచున ఉంటే అది 1957 నాటి నువోవా, లేదా 1960–65 మధ్య వచ్చిన డి.

మినహాయింపు జార్డినియేరా. స్టేషన్ వ్యాగన్ లాంటి ఈ బండికి 1977లో ఆగిపోయేదాకా వెనక హింజ్‌లే. దీన్ని గుర్తుపట్టడం తేలిక: వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) మామూలు 500లా 1840 కాదు, 1940 మిల్లీమీటర్లు; ఇంజన్ బండి వెనకభాగంలో, ఫ్లోర్ కింద పక్కకు పడుకుని ఉంటుంది.

అసలు చిక్కు ఎఫ్, ఎల్ మధ్యే. రెండింటి ఛాసిస్ కోడ్ 110ఎఫ్ కాబట్టి ఆ కోడ్ ఒక్కటే చూసి తేల్చలేం. గొట్టపు కడ్డీలను నేను లెక్కలోకి తీసుకోను, అవి ఎవరైనా బోల్టులతో బిగించుకోవచ్చు. లోపల చూడండి. ఎఫ్‌లో బాడీ రంగు పూసిన ఇనుప డ్యాష్, గుండ్రటి స్పీడోమీటర్, పెట్రోల్ తగ్గితే వెలిగే దీపం. ఎల్‌లో నల్ల ప్లాస్టిక్ డ్యాష్, ఫియట్ 850 తరహా పొడవాటి మీటర్ల పెట్టె, అందులో పెట్రోల్ గేజ్. కింద కార్పెట్, వెనక్కి వాలే ముందు సీట్లు. వీటిలో ఒకటే ఉండి మిగతావి లేకపోతే భాగాలు మార్చారనే అనుకోండి.

1972లో వచ్చిన ఆర్‌కు లోపల ఎఫ్ లాంటి సాదా అమరికే, చక్రాలకు హబ్‌క్యాప్‌లు ఉండవు. ఇంజన్ ఫియట్ 126 కారు నుంచి వచ్చిన 594 సీసీ, కోడ్ 126 ఎ5.

ఇంజన్ చూసి బండికి పేరు పెట్టడమే అందరూ చేసే పొరపాటు. 126 ఇంజన్ పాత 500లలోకి సులువుగా దిగుతుంది, అందుకే ఎక్కడ చూసినా మార్చినవే. ఇంజన్ మీది కోడ్ అరిగిపోతే కొందరు స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి పుల్ల పెట్టి స్ట్రోక్ (పిస్టన్ ఒక కొస నుంచి ఇంకో కొసకు కదిలే దూరం) కొలుస్తారు. దానివల్ల ఏమీ తేలదు, అన్నిటికీ స్ట్రోక్ 70 మిల్లీమీటర్లే. హెడ్ విప్పి బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) మిల్లీమీటర్లలో కొలవాలి: 66 అయితే 479 సీసీ (మొదటి నువోవా), 67.4 అయితే 499.5 సీసీ (డి, ఎఫ్, ఎల్, నువోవా స్పోర్ట్ కూడా), 73.5 అయితే 594. 77 అయితే 126కు తర్వాత వచ్చిన 652. రీబోర్ చేసిన (సిలిండర్‌ను తొలిచి కాస్త వెడల్పు చేసిన) ఇంజన్‌లో కొలత కాస్త ఎక్కువ వస్తుంది కాబట్టి దగ్గరి అంకెను తీసుకోండి. (ఇంజన్‌లో రెండు సిలిండర్లు ఎదురెదురుగా పడుకుని ఉంటే అది ఆస్ట్రియాలో ఫియట్ బాడీతో తయారైన స్టైర్-పుఖ్. ఈ కొలతలు దానికి వర్తించవు.)

మీరు చూసే బండి విషయంలో ముందు బానెట్ ఎత్తి, ఛాసిస్ నంబర్ ముందు 110డి ఉందేమో చూడండి. ఉంటే అది డి, బేరం ఆ పేరుతోనే ఆడండి. కాగితాల్లో 110ఎఫ్ ఉండి తలుపులకు వెనక హింజ్‌లుంటే ఇంకా జాగ్రత్త పడాలి: ఒక బండి నంబర్ ఇంకో బాడీకి ఎక్కి ఉండొచ్చు. అంకెల చుట్టూ వెల్డింగ్ గీతలు, మందంగా పూసిన పుట్టీ కనిపిస్తే ఆ బండి కొనకండి.