బండి కదిలే ముందు తమ్ముడికి

పెరంబూరు, చెన్నై

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు పెద్ద వ్యాను ఒకటి కొన్నావనీ, పీణ్యాలో ఒక షెడ్డులో దానికి మంచాలూ, పొయ్యి గట్టూ, నీళ్ల ట్యాంకూ బిగిస్తున్నారనీ, మాఘమాసంలో మరదలిని ఎక్కించుకుని బెంగళూరు నుంచి బయలుదేరి హైదరాబాదులో చిన్నదాని కొడుకు అన్నప్రాశనకూ, అటునుంచి అటే విశాఖపట్నంలో పెద్దవాడి కొడుకు ఒడుగుకూ వెళ్లి, వైశాఖానికి మా మనవరాలి ఓణీల వేడుకకు చెన్నై చేరతావనీ మొన్న మా అమ్మాయి ఫోనులో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉద్యోగమంతా బ్యాంకు కౌంటరు వెనుక గడిపినవాడు అరవై మూడో ఏట ఇంటిని చక్రాల మీదికి ఎక్కించి మనవల దగ్గరికి బయలుదేరుతున్నాడంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. అంత భయమూ ఉంది. ఈ పని మీ బావగారూ నేనూ 2012లోనే చేశాం. ఎక్కడ తప్పు జరిగిందో నాకు తెలుసు. ఫోనులో చెబితే నువ్వు ‘సరే అక్కా, సరే అక్కా’ అని దాటవేస్తావు కనుక కాగితం మీద పెడుతున్నాను.

కాగితాల సంగతి ముందు చెప్పేస్తాను. వ్యాను లోపలి స్వరూపం మార్చినప్పుడు ఆర్‌టీవో అనుమతి తీసుకుని ఆ మార్పును ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఆ తరువాత ఇన్సూరెన్స్ వాళ్లకు అదే సంగతి రాతపూర్వకంగా తెలియజేయాలి. షెడ్డువాళ్లు అవసరం లేదంటే వినవద్దు. యాభై అయిదు దాటినవాళ్లకు లైసెన్సు అయిదేళ్లకే ఇస్తారు కాబట్టి నీది ఎప్పటితో ముగుస్తుందో చూసుకో. ఫాస్టాగ్‌లో డబ్బు ఉంచు. జాతీయ రహదారి మీద ఏ ఇబ్బంది వచ్చినా 1033కు ఫోను చేయవచ్చు. ఆ నంబరు మరదలి ఫోనులో కూడా ఎక్కించు.

వంట గ్యాసు గాలికన్నా బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. అందుకని కిటికీలు ఉన్నాయి కదా అనుకోకూడదు. సిలిండరు పెట్టే అరకు అడుగుభాగంలో బయటికి గాలి పోయే రంధ్రాలు ఉండి తీరాలి. మాఘమాసపు చలికి తలుపులు బిగించుకుని స్టవ్ వెలిగించి పడుకునే పని ఒక్క రాత్రి కూడా చేయవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని నిద్రలేపదు. మరదలి ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐస్ పెట్టెలో మంచుగడ్డకు తగిలేటట్టు పెడితే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది, ఎండలో ఆపిన బండిలో వదిలేస్తే అదీ పాడే. రెండు గంటలకొకసారి ఇద్దరూ దిగి పది నిమిషాలు నడవండి, కాళ్లకు నీరు దిగనివ్వవద్దు. ఇవి ఎవరైనా చెబుతారు. నేను చెప్పవలసినది వేరే ఉంది.

మన చిన్నప్పటి గూడుబండి నీకు గుర్తున్నదో లేదో. వైశాఖంలో పెంచలకోన తిరునాళ్లకు వెళ్లేటప్పుడు నాన్న బండిలో వరిగడ్డి ఒత్తుగా పరిపించి, దాని మీద జంపఖానా వేయించి, ఇరుసు కింద లాంతరు కట్టించేవారు. ఆ వెలుగులో ఎద్దుల కాళ్ల నీడలు దారి మీద ఎంతో పెద్దవిగా కదులుతుంటే నువ్వు బండి అంచున వంగి వాటినే చూసేవాడివి. నువ్వు జారిపోకుండా వెనుక నుంచి చొక్కా పట్టుకుని కూర్చోవడం నా పని. డెబ్భై ఆరేళ్లు వచ్చినా ఆ పిడికిలి విప్పడం నాకు చేతకావడం లేదు. ఒక్క సంగతి మాత్రం గమనించు. బండి ఎంత నెమ్మదిగా నడిచినా, దారిలో ఎన్ని చెరువుగట్లు ఊరించినా, నాన్న మనల్ని తిరునాళ్లకు రెండు రోజుల ముందే కొండ కింద దించేవారు. మేము ఆ లెక్క మరిచిపోయాం.

మీ బావగారు కోచ్ ఫ్యాక్టరీలో రైలుపెట్టెలకు బెర్తులు బిగించిన మనిషి. రిటైరయ్యాక పాత వ్యాను ఒకటి కొని, సీట్లు తీయించి, రెండు బెర్తులూ ఒక మడతబల్లా తన చేతులతోనే అమర్చారు. వెనుక రెండు వందల లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టారు. స్నానాలకు నీళ్లు చాలవేమోనని నేను పట్టుబట్టినందుకే అంత పెద్దది పెట్టారు. లీటరు నీళ్లంటే కిలో బరువు. రెండు వందల కిలోలు రాత్రింబగళ్లు వెనుక ఇరుసు మీద కూర్చుని ఉంటాయని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ట్యాంకు కింది నుంచి వాడిన నీళ్లు పోయే గొట్టాన్ని స్టెప్నీకి అడ్డంగా తీసుకెళ్లిన సంగతి కూడా అవసరం వచ్చేదాకా మా దృష్టికి రాలేదు.

విశాఖపట్నంలో మా అమ్మాయి కూతురికి అన్నప్రాశన. ఆడపిల్ల కనుక ఏడో నెలలో పెట్టారు. శుక్రవారం ఉదయం 9 గంటల 24 నిమిషాలకు ముహూర్తం. మన అమ్మ ఉంగరం, నీకూ నాకూ కూడా మొదటి పాయసం నాకించిన ఉంగరం, పసుపు గుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టుకుని సోమవారం నాడు చెన్నై విడిచాం. ఎనిమిది వందల కిలోమీటర్లకు నాలుగు రోజులంటే తీరిక ప్రయాణమే. నెల్లూరులో ఒక రాత్రి, ఒంగోలులో ఒక రాత్రి ఆగి, బుధవారానికి బాపట్ల పక్కన సూర్యలంక సముద్రం చేరాం. గురువారం తెల్లవారుజామున బయలుదేరాలని అనుకున్నాం.

తెల్లవారేసరికి జాలరివాళ్లు వల లాగుతున్నారు. మీ బావగారు పంచె ఎగగట్టి వాళ్లతోపాటు తాడు పట్టుకున్నారు. ఎప్పుడూ ఫ్యాక్టరీ సైరనుకు లేచి పరుగెత్తిన మనిషి అంత నిశ్చింతగా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. ఆయన కాళ్లు కడుక్కుని ‘ఇక వెళదామా’ అన్నారు. ‘ఇంకొక్క పూట ఉందాం’ అన్నది నేను. తమ్ముడూ, ఆ మాట అన్నది నేను. పిల్లలు అందరూ ఆలస్యానికి కారణం టైరు అనుకున్నారు. ఆయన ఎవరికీ చెప్పలేదు, బతికి ఉన్నన్నాళ్లూ నన్ను ఒక్క మాట అనలేదు.

ఆ ఒక్క పూట సాయంత్రం దాకా సాగింది. దీపాలు పెట్టే వేళకు బయలుదేరాం. ముందు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దారి ఉంది, ఆయన వయసు అరవై ఆరు. గుంటూరు, విజయవాడ, ఏలూరు దాటాం. సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన దాటిన కొంతసేపటికి బండి నిదానంగా కుడివైపుకు ఒరుగుతున్నట్టు అనిపించి ఆయన వైపు తిరిగాను. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. కళ్లు మూసుకుని ఉన్నాయి. నేను అరిచిన అరుపుకు ఆయన బండిని నిలబెట్టారు. మా పక్కనుంచి ఒక లారీ హారను మోగించుకుంటూ దూసుకుపోయింది. తరువాత ఒక పెట్రోలు బంకులో ఆగి రెండు గంటలు పడుకున్నాం. ఆయనకు నిద్ర పట్టింది. నేను ఆయన ఊపిరి వింటూ కూర్చున్నాను.

తుని దగ్గర, ఆరున్నరకు, వెనుక టైరు పేలింది. స్టెప్నీ దించబోతే గొట్టం అడ్డం. ఆ గొట్టం కోయడానికి రంపం కావాలి, రంపం ఉన్న దుకాణం ఎనిమిదింటికి గానీ తెరవరు. పంక్చరు షాపు కుర్రవాడు పేలిన టైరును దొర్లించుకొచ్చి, దాని పక్కభాగం మీద దుమ్ము బొటనవేలితో తుడిచి, చిన్న గడిలో అచ్చుపోసిన నాలుగు అంకెలు చూపించాడు. 2306. ‘ఇరవై మూడో వారం, రెండు వేల ఆరో సంవత్సరం అమ్మా. ఆరేళ్ల టైరు మీద ఇంత బరువు వేసుకుని రాత్రంతా వచ్చారు’ అన్నాడు. పాతబండికి టైర్లు నల్లగా మెరుస్తున్నాయని మేము సంతోషించాం, ఆ నాలుగు అంకెలు చదవడం మాకు తెలియదు. నీ బండి ఆరు టైర్ల మీదా, స్టెప్నీ మీదా ఆ అంకెలు నీ కళ్లతో చదివి నాకు ఫోనులో చెప్పాలి. ట్యాంకు వంద లీటర్లకు మించవద్దు. షెడ్డు నుంచి బండి తెచ్చుకునే ముందు స్టెప్నీ ఒకసారి దించి, మళ్లీ ఎక్కించి చూపించమను.

9 గంటల 24 నిమిషాలకు మేము ఇంకా వంద కిలోమీటర్ల దూరంలో, రోడ్డు పక్కన వేపచెట్టు కింద నిలబడి ఉన్నాం. అల్లుడు ఫోను తెరిచి ఉంచాడు. మంత్రం వినిపించింది, సన్నాయి వినిపించింది, ఆ వెంటనే పిల్ల ఏడుపు వినిపించింది. పాయసం నాలుకకు తగిలిందని దాన్నిబట్టి తెలిసింది. ఎవరిదో ఉంగరం తీసుకుని వియ్యపురాలు నాకించిందట. మన అమ్మ ఉంగరం నా చేతిలో, పసుపు గుడ్డలో ఉంది.

పన్నెండుకు చేరాం. అమ్మాయి ఏమీ అనలేదు. విస్తళ్లు వేసి వడ్డించింది. ఫొటోలు వచ్చినప్పుడు చూశాను: పిల్ల బంగారాన్నీ పూలనూ దాటి పాకి వెళ్లి పుస్తకం పట్టుకుంది, అందరూ నవ్వుతున్నారు, అమ్మాయి పక్కన మా కోసం వేసిన రెండు పీటలు ఖాళీగా ఉన్నాయి. ఎవరికీ వాటిని తీసేయాలని తోచలేదు కాబోలు.

అందుచేత నువ్వు చేయవలసినది ఇది. ఏ వేడుకకైనా మూడు రాత్రుల ముందు ఆ ఊళ్లో ఉండాలి. చూడవలసినవన్నీ వేడుక ముగిశాక చూడండి, ముందు కాదు. బెంగళూరు నుంచి హైదరాబాదు దాదాపు 570 కిలోమీటర్లు. కారువాళ్లు ఒక్క పగటిలో పోతారు, నువ్వు రెండు పగళ్లు పెట్టుకుని అనంతపురంలోనో కర్నూలులోనో రాత్రి ఆగు. కొడికొండ దగ్గర లేపాక్షి బోర్డు కనబడుతుంది, కర్నూలు దాటాక ఆలంపురం బోర్డు కనబడుతుంది. మరదలు అడుగుతుంది, నీకూ మనసవుతుంది. లేపాక్షి నంది సుమారు అయిదు వందల ఏళ్లుగా అక్కడే ఉంది, మరుసటి నెలకూ ఉంటుంది. అన్నప్రాశనకూ ఒడుగుకూ మధ్య ఎన్నో రోజులు ఉన్నాయి కనుక నాగార్జునకొండ, అమరావతి, ద్వారకా తిరుమల అప్పుడు తీరికగా చూడండి. అప్పుడు కూడా విశాఖకు మూడు రోజుల ముందే చేరండి. మన ఇంట్లో ఒడుగు పిల్లవాడికి తల్లి తరువాత నాయనమ్మే భిక్ష వేస్తుంది, మరదలు అక్షతల పళ్లెంతో నిలబడి ఉండాలి గానీ బండిలో కూర్చుని ఫోను వినకూడదు.

సాయంత్రం ఆరు దాటాక స్టీరింగు పట్టనని నాకు మాట ఇవ్వు. మరదలు ‘ఇంకొంచెం దూరమే కదా’ అన్నా పట్టవద్దు. ఆమెకూ ఈ ఉత్తరం చదివి వినిపించు.

ఇంకొక మాట, ఇది నీకు తోచదు. చిన్నదాని అపార్ట్‌మెంటు సెల్లారులోకి అంత ఎత్తు బండి దూరదు. ముందే వాచ్‌మన్‌తోనూ అసోసియేషన్ వాళ్లతోనూ మాట్లాడి బయట చోటు చూసి పెట్టమని అల్లుడికి చెప్పు. బండి ఎక్కడ పెట్టినా మీరిద్దరూ పడుకోవలసినది మాత్రం కూతురి ఇంట్లోనే. మంచాలు ఉన్నాయి కదా, వాళ్లకు ఇబ్బంది ఎందుకని నువ్వు మంచితనంతోనే అనుకుంటావు. కానీ వియ్యాలవారి గుమ్మం ముందు అమ్మాయి తల్లిదండ్రులు బండిలో పడుకున్నారంటే వాళ్ల మర్యాద ఏమి కావాలి? అమ్మాయికి అయితే రాత్రి రెండింటికి పిల్లవాడు లేచినప్పుడు ఎత్తుకోవడానికి అమ్మ పక్క గదిలో ఉండాలి. వేడుక మర్నాడే బయలుదేరవద్దు. గిన్నెలు సర్దడానికీ, ఇల్లు కడగడానికీ, అలిసిన పిల్లను ఒక పూట పడుకోనివ్వడానికీ మూడు రోజులు ఉండండి. మనవలను బండిలో తిప్పండి, తప్పకుండా తిప్పండి, కానీ బండి కదులుతున్నప్పుడు ఏ పిల్లా బెర్తు మీద ఉండకూడదు, పొయ్యి వెలగకూడదు.

మీ బావగారు పోయి ఆరేళ్లయింది. వ్యాను ఎప్పుడో అమ్మేశాం. ఆయన చేసిన మడతబల్ల నా దగ్గరే ఉంది, దాని మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను. బందులు ఇప్పటికీ చప్పుడు చేయవు. నీ బండికి కొలత సరిపోతే తీసుకుపో. వైశాఖంలో ఓణీ వేసుకోబోయేది తునిలో మేము ఏడుపు విన్న ఆ పిల్లే. దానికి పదమూడేళ్లు వచ్చాయి, నాకన్నా పొడుగైంది. నువ్వు మూడు రోజుల ముందు వచ్చి మా ఇంట్లో దిగితే దాని వేడుకలో పీటలేవీ ఖాళీగా ఉండవు. అప్పటికి ఎండలు ముదురుతాయి కనుక తెల్లవారాక నాలుగైదు గంటలే నడిపి, మిట్టమధ్యాహ్నం నీడపట్టున ఆగుతూ రా.

వచ్చే ఆదివారం మా వాడు పని మీద బెంగళూరు వస్తున్నాడు. వాడి చేతికి అమ్మ ఉంగరం ఇచ్చి పంపుతున్నాను. దాన్ని బండి అరల్లోగానీ డబ్బాలోగానీ పెట్టవద్దు, బయలుదేరినప్పటి నుంచీ మరదలి వేలికే ఉండాలి. ఆమెకు కాస్త వదులవుతుంది, లోపలి వైపు దారం చుట్టుకోమను. పాయసంలో ముంచే ముందు ఆ దారం విప్పడం మరిచిపోవద్దు.

ఆశీస్సులతో,
అక్క