ఎక్సెల్ షీట్ల నుంచి పవర్ బీఐలో స్లైసర్‌తో మారే చార్టులు చేయడం ఎలా?

మీ ప్రశ్న ఇది: జీడి పిక్కల కొనుగోళ్లు ఒక షీటులో, పప్పు అమ్మకాలు ఇంకో షీటులో, నెలకో కాలమ్ చొప్పున ఉన్నాయి. పవర్ బీఐ (చార్టులు, రిపోర్టులు తయారుచేసే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్)లో పెట్టిన స్లైసర్‌లో, అంటే కావలసినవి మాత్రం ఎంచుకునే పెట్టెలో, మండలం ఎంచుకుంటే కొనుగోళ్ల చార్టు మారుతోంది గానీ అమ్మకాల చార్టు కదలడం లేదు. నెలలు కూడా వరుసగా రావడం లేదు.

నేను పలాసలో జీడిపప్పు వ్యాపారుల లెక్కలే చూస్తుంటాను కాబట్టి ఈ తంటా బాగా తెలుసు. ముందు చార్టు సెట్టింగులు కెలకడం ఆపేయండి. తేడా అక్కడ లేదు, షీటు వేసిన తీరులో ఉంది.

మన షీట్లు షావుకారు చూసుకోవడానికి వేసినవి. పైన మెర్జ్ చేసిన హెడ్డింగు, ఎడమవైపు మండలం, అడ్డంగా ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు గళ్లు, కింద టోటల్. ప్రింటు తీస్తే ముచ్చటగా ఉంటుంది గానీ స్లైసర్‌కి నెల అనేది ఒకే కాలమ్‌గా కావాలి. అందుకని షీటును పవర్ క్వెరీ (పవర్ బీఐలో డేటాను సరిచేసుకునే భాగం)లోకి తెచ్చి, హెడ్డింగు, టోటల్ వరుసలు తీసేయండి. టోటల్ వరుస ఉండిపోతే, అన్ని మండలాలూ కలిపి చూసినప్పుడు చార్టులో నెలల మొత్తాలు రెట్టింపు అవుతాయి. మెర్జ్ వల్ల ఖాళీ పడ్డ గళ్లను ఫిల్ డౌన్‌తో, అంటే పై గడిలోని పేరే కిందికి వచ్చేలా, నింపండి. తర్వాత మండలం లాంటి మారని కాలమ్‌లను మాత్రమే సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ చేసి ‘అన్‌పివట్ అదర్ కాలమ్స్’ నొక్కండి. నెలలన్నీ నిలువుగా ఒకే కాలమ్‌లోకి దిగుతాయి. నెలలను కాకుండా మిగతావాటిని సెలెక్ట్ చేయమనడం ఎందుకంటే, రేపు షీటులో కొత్త నెల చేరినా రిఫ్రెష్ కొడితే అదే వచ్చేస్తుంది.

ఇక కదలని చార్టు సంగతి. మీ స్లైసర్‌లో ఉన్నది కొనుగోళ్ల షీటులోని మండలం. అది అమ్మకాల షీటుకు ఎలా తెలుస్తుంది? మండలాల పేర్లతో విడిగా ఒక చిన్న టేబుల్ చేయండి. అందులో ఒక్కో పేరు ఒక్కసారే ఉండాలి. దాన్ని రెండు షీట్లకూ ‘వన్ టు మెనీ’గా (ఇక్కడ ఒక్కసారే ఉన్న పేరు, షీటులో ఎన్ని వరుసల్లో ఉన్నా సరే) కలిపి, స్లైసర్‌లో ఆ టేబుల్‌లోని మండలాన్నే పెట్టండి. తేదీలకూ ఇలాగే ఒక క్యాలెండర్ టేబుల్ ఉండాలి. అందులో ఏప్రిల్‌కి 1, మార్చికి 12 అని నెల నంబరు వేసి, ‘సార్ట్ బై కాలమ్’లో దాన్ని ఎంచుకుంటే నెలలు ఆర్థిక సంవత్సరం వరుసలోకి వస్తాయి.

ఆ మండలాల టేబుల్ దగ్గర కాస్త టైమ్ పెట్టండి, అసలు పని అక్కడే ఉంది. ఒకరు నరసన్నపేట అని కొడతారు, ఇంకొకరు నర్సన్నపేట అంటారు. స్లైసర్‌లో రెండు ఊళ్లు వస్తాయి. రిప్లేస్ వాల్యూస్‌తో ఒకే స్పెల్లింగుకు తెచ్చేయండి. జిల్లా పేరు కొనుగోళ్ల, అమ్మకాల షీట్లలో అసలు ఉంచొద్దు. 2022 ఏప్రిల్ 4న రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యంలో కలిశాయి. పాత షీట్లలో ఇవన్నీ శ్రీకాకుళమే. అలాగే వదిలేస్తే ఆ ఏడాది శ్రీకాకుళం అమ్మకాలు దబ్బున పడిపోయినట్టు చార్టు చూపిస్తుంది, షావుకారు మీ మీద పడతాడు. మండలాల టేబుల్‌లోనే ‘ఇప్పటి జిల్లా’, ‘పాత జిల్లా’ అని రెండు కాలమ్‌లు పెట్టుకుంటే ఏది కావాలంటే అది చూపొచ్చు.

పప్పు సైజును చెప్పే గ్రేడుకు స్లైసర్ పెడితే మాత్రం కొనుగోళ్ల చార్టు కదలకపోవడమే కరెక్టు. పిక్కలకు గ్రేడు ఎక్కడిది? కొట్టి, పొట్టు తీసి, ఏరాకే కదా పౌండు బరువుకు ఎన్ని పప్పులు తూగుతాయన్న లెక్కన 210, 240, 320 అని తేలేది. కొనేది 80 కిలోల బస్తాల్లో, అమ్మేది కిలోల్లో కాబట్టి రెండింటినీ ఒకే చార్టులో చూపాలనుకుంటే ముందు బస్తాలను కిలోల్లోకి మార్చండి.

పంపడం దగ్గర ఒక జాగ్రత్త. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఫ్రీయే గానీ, ఆన్‌లైన్‌లో ఇంకొకరికి షేర్ చేయాలంటే మామూలుగా ఇద్దరికీ ప్రో లైసెన్స్ ఉండాలి. డబ్బు మిగులుతుందని ‘పబ్లిష్ టు వెబ్’ నొక్కారంటే ఆ లింకు ఎవరి చేతిలో పడినా తెరుచుకుంటుంది, మీ కొనుగోలు రేట్లు పక్క వ్యాపారికి కూడా కనిపిస్తాయి. పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పెట్టొచ్చు గానీ అందులో స్లైసర్ నొక్కితే ఏమీ మారదు. చూసేది ఒక్క షావుకారే, ఆయన దగ్గర ఎక్సెల్ ఉందంటే, ఇదే నిలువు టేబుల్ మీద పివట్ చార్టు వేసి స్లైసర్ తగిలించి ఆ ఫైలే ఇచ్చేయండి. 2010 వెర్షన్ నుంచీ ఎక్సెల్‌లో ఆ సౌకర్యం ఉంది.