పాత బాణీ, కొత్త వాద్యం

ప్రశ్న: వాన మీద, నది మీద, చెట్ల మీద ఉన్న పాత జానపద గీతాలను గిటారు, కీబోర్డులతో కొత్తగా రూపొందించాలనుకుంటున్నాను. ఎంతవరకు మార్చవచ్చు?

జవాబు: ఫోనోగ్రాఫు అనే తొలినాటి ధ్వనిముద్రణ యంత్రంతో పల్లెల్లో తిరిగి వేలాది పాటలు సేకరించిన హంగేరీ స్వరకర్త బేలా బార్టోక్ 1931లో ఇందుకు మూడు మార్గాలు చెప్పాడు: బాణీని దాదాపు యథాతథంగా ఉంచి వాద్యసహకారం చేర్చడం, ఆ ధోరణిలోనే సొంత బాణీ కట్టడం, ఏ బాణీనీ అరువు తీసుకోకుండా ఆ సంగీతపు స్వభావాన్ని తన రచనలో ఇముడ్చుకోవడం. మొదటిది తేలికని చాలామంది అనుకుంటారు గాని, నిజానికి అదే కష్టం.

ఎందుకంటే, కీబోర్డు ఒక స్థాయిని (‘స’ నుంచి పై ‘స’ వరకు) 12 సమాన భాగాలుగా విభజిస్తుంది. జానపద గాయకుల స్వరాలు తరచుగా ఆ భాగాల మధ్య నిలుస్తాయి. ప్రతి స్వరానికీ కార్డు (ఒకేసారి మోగించే కొన్ని స్వరాల కూర్పు) వేస్తే బాణీ కవళికలే మారిపోతాయి కనుక, చాలాచోట్ల తంబురాలా ఎడతెగక మోగే ఒక్క ఆధారశ్రుతి సరిపోతుంది. గాయకుడు ఊపిరి తీసుకునేచోట సాగే లయను కంప్యూటరు తాళానికి బిగించవద్దు.

సాహిత్యంలోని ఫలానా పిట్ట, ఫలానా మొక్క పేర్లను తీసేసి ‘పక్షి’, ‘పువ్వు’ అని పెట్టకండి. ఏ పూత ఏ కార్తెలో వస్తుందో, ఏ కూత వానకు ముందు వినిపిస్తుందో తరతరాలుగా గమనించినవారి జ్ఞానం ఆ పేర్లలోనే ఉంది. రికార్డు చేసిన పక్షి కూతలను అతికించడం మాత్రం నాకు అనవసరమనిపిస్తుంది. పాట నేర్పినవారి పేరును, వారి అనుమతితో, తప్పక ప్రకటించండి.