కలిపే ముందు విడిగా చదవరా

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన కాంపోజిట్ చార్ట్ చూశాను. పెళ్లి సంబంధం కోసం మీ బెజవాడ ఫ్రెండుదీ, ఆ గుంటూరు అమ్మాయిదీ కలిపి ఒకే చక్రంగా తీశావు బాగానే ఉంది, మరి ఇద్దరి జాతకాలూ విడిగా ఎందుకు పంపలేదురా? పొంతనలో 36కి 27 వచ్చాయి, కాంపోజిట్‌లో మాత్రం పెళ్లిని చెప్పే ఏడో ఇంట్లో శని ఉన్నాడు, ఏది నమ్మాలి అని అడిగావు. ఆ రెండింటికీ అసలు పోటీయే లేదు. మన పొంతన లెక్క మొత్తం చంద్రుడి మీదే, అంటే జన్మ నక్షత్రం, రాశి చూసి నాడికి 8, భకూటానికి 7, అలా వర్ణానికి 1 దాకా వేస్తారు, శని ఎక్కడున్నాడో ఆ లెక్కకి అక్కర్లేదు.

ముందు ఒక్కొక్కరి చక్రంలో సప్తమం, అంటే ఆ ఏడో ఇల్లు, దాని అధిపతి, శుక్రుడు చూడు. తర్వాత సినాస్ట్రీ, అంటే అబ్బాయి గ్రహాల్ని అమ్మాయి చక్రం మీద, అమ్మాయివి అబ్బాయి చక్రం మీద పెట్టి చూడటం. నేనైతే ఎక్కువసేపు ఇక్కడే కూర్చుంటాను. ఎందుకంటే ఇందులో ఇద్దరూ ఇద్దరుగానే ఉంటారు, ఎవరి శని ఎవరి చంద్రుడి మీద కూర్చున్నాడో తెలుస్తుంది. కాంపోజిట్‌లో ఆ తేడా చెరిగిపోతుంది.

కాంపోజిట్ అంటే ఇద్దరి చక్రాల్లోని ఒకే గ్రహాన్ని జతగా తీసుకుని, ఆ రెంటి మధ్య బిందువు పెట్టడమే కదా. ఒకరి రవి మేషం 10 డిగ్రీలు, ఇంకొకరి రవి మిథునం 20 అయితే నడిమి చోటు వృషభం 15. సరిగ్గా ఎదురెదురుగా ఉన్న గ్రహాలతోనే చిక్కు, ఒకటి రెండు డిగ్రీలు అటూఇటూ అయితే మధ్య బిందువు చక్రానికి అవతలి వైపుకి దూకేస్తుంది. పైగా ఆ చక్రం ఆకాశంలో ఎప్పుడూ ఉన్నది కాదు. మామూలుగా బుధుడు రవికి 28 డిగ్రీలు దాటి వెళ్లడు, కాంపోజిట్‌లో మాత్రం ఎదురుగా కూడా కూర్చోగలడు. అది చూసి కంగారు పడకు.

ఇక నీ శని సంగతి. ఒకరు 1994 మార్చిలో, ఒకరు 1996 మార్చిలో పుట్టారు, శని ఏడాదికి 12 డిగ్రీల చొప్పున నడిస్తే ఇద్దరి శనులకీ తేడా 24 డిగ్రీలే. ఆ వయసు జంట ఎవరిది తీసినా శని ఆ చుట్టుపక్కలే ఉంటాడు. ఏడో ఇల్లు అని చెప్పేది లగ్నం, అంటే పుట్టిన క్షణంలో తూర్పున ఉదయిస్తున్న రాశి బిందువు, అది దాదాపు నాలుగు నిమిషాలకో డిగ్రీ జరుగుతుంది, మీవాడి టైమేమో "పొద్దున్నే, ఏడున్నర అయ్యుంటుంది" అని వాళ్లమ్మ చెప్పిన మాట! పైగా కాంపోజిట్ ఇళ్లు కట్టడానికి సాఫ్ట్‌వేర్‌లో ఒకటికి మించి పద్ధతులుంటాయి, ఏది టిక్ చేశావో చూసుకో. అయనాంశ, అంటే రాశిచక్రం మొదలయ్యే చోటుకి వేసే సవరణ, అది కూడా ఇద్దరికీ ఒకటే పెట్టు.

డేవిసన్ చార్ట్ వేరు. అది ఇద్దరి పుట్టిన సమయాలకీ, ఊళ్లకీ నడిమి క్షణం, నడిమి చోటు తీసుకుని వేసేది, కాబట్టి నిజంగా ఆకాశంలో ఉన్న చక్రమే. 1994 మార్చి 10, 1996 మార్చి 20 అయితే 1995 మార్చి 15 ప్రాంతం వస్తుంది, చోటేమో మన మంగళగిరి దగ్గర. బాగుంది కదా! అదే ఒకరు బెజవాడలో, ఒకరు డాలస్‌లో పుట్టి ఉంటే, అక్షాంశ రేఖాంశాల సగటు తీస్తే సహారా ఎడారిలో పడుతుంది, భూగోళం మీద దగ్గర దారి పట్టుకుని సగం దూరం కొలిస్తే ఉత్తర ధ్రువం దాపుకి పోతుంది. అలాంటి చోట లగ్నం పట్టుకుని నేనైతే ఏమీ చెప్పను, గ్రహాల మధ్య దృష్టులు, అంటే ఒకదానికొకటి ఎంత కోణంలో ఉన్నాయో, అది చూసి ఊరుకుంటాను.

ఆ పిల్లలకి శని మాట ఇప్పుడే చెప్పకు. ఇళ్లల్లో లేనిపోని టెన్షన్. ముందు ఇద్దరివీ ఆసుపత్రి చీటీలు అడిగి టైము సరిచూసుకో, దొరక్కపోతే లగ్నం, ఇళ్లు పక్కన పెట్టేసి సినాస్ట్రీ ఒక్కటే చూద్దాం. ఆదివారం వచ్చేటప్పుడు రెండు జాతకాలూ విడివిడిగా ప్రింట్ తీసుకురా, ఫోన్‌లో నాకు కనపడదు.

— పెదనాన్న, గుంటూరు