వెళ్ళేది డొమినికాకేనా, ఇంకోసారి చూసుకోండి

ప్రశ్న: మా పెళ్ళై పాతికేళ్ళవుతోంది. ఈసారి ఎవరూ పెద్దగా వెళ్ళని చోటికి వెళ్దామని మావారు డొమినికా పేరు చెప్పారు. నాకైతే కరీబియన్ అంటే బీచ్‌లే గుర్తొస్తాయి. అక్కడ బాగుంటాయా? వారం రోజుల్లో పక్క దీవులు కూడా రెండు మూడు చూసేయొచ్చా?

జవాబు: టికెట్ ఇంకా కొనలేదు కదండీ? కొనేముందు ఊరి పేరు కాదు, దేశం పేరు చూడండి. డొమినికా వేరు, డొమినికన్ రిపబ్లిక్ వేరు. రెండోది స్పానిష్ మాట్లాడే పెద్ద దేశం, పెద్ద పెద్ద రిసార్టులుండేది అక్కడ. మీవారు చెప్పినది గ్వాడెలూప్‌కీ మార్టినీక్‌కీ మధ్యలో ఉన్న 750 చదరపు కిలోమీటర్ల దీవి, జనాభా డెబ్భై వేలకు అటూ ఇటూ, రాజధాని రోజో, అధికార భాష ఇంగ్లీషు. అక్కడివాళ్ళు 'నీ' మీద ఒత్తి డొమినీకా అంటారు. విమానం దిగేది ఈశాన్యాన ఉన్న డగ్లస్-చార్లెస్ ఎయిర్‌పోర్టులో, దాని కోడ్ డీఓఎం. టికెట్ మీద పుంటా కానా అనో శాంటో డొమింగో అనో ఉంటే మీరు పొరపాటున వేరే దేశానికి వెళ్తున్నట్టే.

ఇక బీచ్‌లు. తెల్లటి ఇసుకలో కుర్చీ వేసుకుని వారమంతా పడుకోవాలన్నదే మీ కోరికైతే ఈ దీవి వద్దు, నేనైతే గట్టిగానే చెప్తాను. ఇది అగ్నిపర్వతాల దీవి, చాలా చోట్ల ఇసుక నల్లగా ఉంటుంది. ఉత్తరాన బాటిబూ లాంటి ఒకటి రెండు బీచ్‌లు బాగుంటాయి గానీ వాటికోసం ఇంత దూరం రానక్కర్లేదు. రావాల్సింది కొండల కోసం, వానకి తడిసిన అడవి కోసం, నేలలోంచి పొగలు కక్కుతూ వచ్చే నీళ్ళ కోసం. ఏడాదికెన్ని రోజులో మా దగ్గర అన్ని నదులు అని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు, లెక్కపెట్టినవాళ్ళెవరో తెలీదు. వాటన్నిటిలో పోర్ట్స్‌మత్ దగ్గరి ఇండియన్ రివర్ తప్పక చూడండి, అందులోకి మోటారు పడవల్ని రానివ్వరు, తెడ్డు వేసుకుంటూ తీసుకెళ్తారు, ఒడ్డున చెట్ల వేళ్ళు పాముల్లా మెలికలు తిరిగి నీళ్ళలోకి దిగి ఉంటాయి. రోజోకి దక్షిణాన షాంపేన్ రీఫ్ ఉంది, సముద్రం అడుగునుంచి వేడి బుడగలు తేలుతుంటాయి, ఈత వస్తే వాటి మధ్యలో ఈదొచ్చు.

వారం ఈ ఒక్క దీవికే సరిపోదు, పక్కవాటిని కలపకండి. ఓడ ఉంది కదా అని గ్వాడెలూప్‌కో మార్టినీక్‌కో వెళ్దామనిపిస్తుంది, అవి ఫ్రాన్స్‌లో భాగం, కానీ షెంగెన్‌లో (యూరప్‌లో చాలా దేశాలకి ఒకే వీసా పనిచేసే ఏర్పాటు) లేవు. చేతిలో షెంగెన్ వీసా ఉందని ధైర్యంగా బయల్దేరితే అక్కడ ఇబ్బంది పడతారు. అలాగే మయామీ మీదుగా వెళ్తే విమానం మారడానికైనా సరే అమెరికా ఇమిగ్రేషన్ దాటాల్సిందే, దానికి కావాల్సిన వీసా ముందే చూసుకోండి.

ప్రశ్న: బాయిలింగ్ లేక్ అనే ఉడికే చెరువు దాకా నడిచి వెళ్ళాలట. నాకు 58 ఏళ్ళు, రోజూ గంటసేపు వాకింగ్ చేస్తాను. వెళ్ళగలనా?

జవాబు: చదునైన రోడ్డు మీద గంట నడవడం, బురదలో మెట్లెక్కుతూ దిగుతూ ఆరేడు గంటలు నడవడం ఒకటి కావండీ. పోనురాను కలిపి అంతసేపూ పడుతుంది. లోడా అనే ఊరి పైన టీటూ గోర్జ్ అనే ఇరుకు లోయ దగ్గర మొదలుపెడితే అడవి, ఏరు, మళ్ళీ ఎక్కుడు, ఆ తర్వాత వ్యాలీ ఆఫ్ డెసొలేషన్‌లోకి దిగుడు. అక్కడ చెట్టూ చేమా ఉండవు, గంధకం వాసన, రాళ్ళ సందుల్లోంచి ఆవిరి, రంగురంగుల బురద. అడుగు ఎక్కడ పడితే అక్కడ వేస్తే కాలు కాలుతుంది, అందుకే గైడ్ లేకుండా వెళ్ళొద్దు, డబ్బు మిగుల్చుకోవాల్సిన చోటు ఇది కాదు. చివర్లో కనపడేది సుమారు 60 మీటర్ల వెడల్పున్న ఒక గుంట, మధ్యలో బూడిదరంగు నీళ్ళు కుతకుతా ఉడుకుతుంటాయి. చెరువని పేరే గానీ నిజానికి అది అగ్నిపర్వతపు వేడి పైకి వచ్చే బిలం, వాననీళ్ళు అందులోకి చేరి కాగుతుంటాయి. 2004 చివర్లో నీళ్ళు బాగా తగ్గిపోయి, తర్వాత మళ్ళీ నిండింది కూడా. మబ్బు పట్టిన రోజు వెళ్తే ఆవిరి తప్ప ఏమీ కనపడకపోవచ్చు.

మీ మోకాళ్ళు బాగుంటే వెళ్ళండి, ముందు రెండు నెలలు మెట్లెక్కడం అలవాటు చేసుకోండి. అనుమానంగా ఉంటే ట్రఫాల్గర్ జలపాతాలు, ఎమరాల్డ్ పూల్ చాలు, రెండూ కొద్దిపాటి నడకే. సాయంత్రం వొట్టెన్ వావెన్‌లో వేడినీళ్ళ తొట్టెలో కూచోండి, నిజం చెప్పాలంటే బాయిలింగ్ లేక్ వెళ్ళొచ్చినవాళ్ళూ చివరికి చేరేది అక్కడికే.

ప్రశ్న: ఏ నెలలో వెళ్ళాలి? తుఫాన్లంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మంచిది. జూన్ నుంచి నవంబర్ దాకా హరికేన్ల కాలం. భయం ఊరికే రాలేదు, 2017 సెప్టెంబర్ 18న మరియా అనే హరికేన్ కేటగిరీ 5 (అన్నిటికన్నా తీవ్రమైన స్థాయి) తుఫానుగా నేరుగా ఈ దీవి మీదే విరుచుకుపడింది, ఇళ్ళ పైకప్పులు చాలావరకు ఎగిరిపోయాయి. అయితే అక్టోబర్ చివర క్రియోల్ సంగీత ఉత్సవం, నవంబర్ 3న స్వాతంత్ర్య దినం (1978లో వచ్చింది) ఉంటాయి, ఊరంతా రంగులే. వాటికోసం ఆ నెలల్లో వెళ్ళేవాళ్ళు క్యాన్సిల్ చేసుకునే వీలున్న టికెట్ కొనాలి. ఒకటి, మంచి కాలమంటే వాన పడని కాలం కాదు. కొండల్లో ఏ నెలైనా తడుస్తారు.

ప్రశ్న: మేం శాకాహారులం. తిండి దొరుకుతుందా? ఏ డబ్బు తీసుకెళ్ళాలి?

జవాబు: దొరుకుతుంది. డాషీన్ అని మెనూలో కనపడితే కంగారు పడకండి, చేమదుంపే. దాని ఆకుతో చేసేది కాలలూ సూప్, అందులో పీతో మాంసమో వేశారేమో అడిగి తాగండి. సీమపనస, అరటి, కంద మామూలు తిండి. రాస్తాఫారీ అనే మతం పాటించేవాళ్ళు చేసే ఐటల్ భోజనం మాంసం లేకుండానే ఉంటుంది, ఉప్పు కూడా సరిగా వెయ్యరు, అది వాళ్ళ పద్ధతి. 'మౌంటెన్ చికెన్' అన్న పేరు ఎక్కడైనా వింటే అది కోడి కాదు, పెద్ద కప్ప. ఒకప్పుడు జాతీయ వంటకం, శిలీంధ్రం వల్ల వచ్చిన జబ్బుతో దాదాపు అంతరించిపోయి ఇప్పుడు వేట నిషేధం.

డబ్బు ఈస్ట్ కరీబియన్ డాలర్, ఒక అమెరికా డాలర్‌కి 2.70, 1976 నుంచీ అదే రేటు. అమెరికా డాలర్లు చాలాచోట్ల తీసుకుంటారు గానీ చిల్లర ఈసీ డాలర్లలోనే ఇస్తారు, మినీబస్సుకీ మార్కెట్‌కీ అవే నయం. ఆదివారం బస్సులు బాగా తక్కువ. కారు అద్దెకి తీసుకుంటే ఎడమవైపు నడపాలి, లోకల్ పర్మిట్ కావాలి, మలుపుల్లో హారన్ కొట్టాలి. పిల్లలకి మిలిటరీ డిజైన్ ప్యాంట్లుంటే సూట్‌కేస్‌లోంచి తీసేయండి, సైన్యం తొడిగే ఆ మచ్చల బట్టలు మామూలు జనం వేసుకోవడం అక్కడ నేరం.