ఫ్లావిన్ ఎంజైములు కర్బన అణువుల్లో ఆక్సిజన్‌ను ఎలా చేరుస్తాయి?

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. గాలిలోని ఆక్సిజన్‌ అణువులో రెండు ఎలక్ట్రాన్లు జత కట్టకుండా ఒకే స్పిన్‌తో (ఎలక్ట్రాన్‌కుండే తిరుగుడు లాంటి గుణం) ఉంటాయి. మామూలు కర్బన అణువుల్లో అన్నీ జతలే. అందుకే ఈ రెండింటికీ నేరుగా పొత్తు కుదరదు.

మధ్యవర్తి ఫ్లావిన్. ఇది మన శరీరంలో బి2 విటమిన్ నుంచి తయారయ్యేదే. పసుపు రంగులో ఉండే ఫ్లావిన్, కణాల్లో ఎలక్ట్రాన్లను మోసే ఎన్ఏడీపీహెచ్ అనే అణువు నుంచి రెండు ఎలక్ట్రాన్లు అందుకోగానే వెలిసిపోతుంది. ఆ స్థితిలో ఆక్సిజన్‌కు ముందు ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది. ఆ వెంటనే దాన్ని తనలోని 4ఎ అనే స్థానపు కార్బన్ మీద పెరాక్సైడ్‌గా (రెండు ఆక్సిజన్ పరమాణువులు ఒకదానికొకటి అతికి ఉండే రూపం) కట్టేసుకుంటుంది. నా దృష్టిలో అసలు చమత్కారమంతా ఇక్కడే ఉంది. ఆ పెరాక్సైడ్‌లోని ఒక ఆక్సిజన్ పరమాణువు ఎదుటి అణువులోకి వెళ్తుంది, రెండోది నీరుగా మారుతుంది.

పెరాక్సైడ్ ప్రోటాన్ (హైడ్రోజన్ అయాన్) లేకుండా ఉంటే కీటోన్‌ (రెండు కార్బన్ల మధ్యనున్న కార్బన్‌కు ఆక్సిజన్ జంట బంధంతో అతికిన అణువు) మీద దాడి చేస్తుంది. వలయాకార కీటోన్ అయిన సైక్లోహెక్సనోన్ విషయంలో ఆక్సిజన్ వలయంలోకే దూరుతుంది, ఆరు పరమాణువుల వలయం ఏడింటి కాప్రోలాక్టోన్ అవుతుంది. ప్రోటాన్ ఉంటే ఫినాల్ అనే అణువు వలయానికి హైడ్రాక్సిల్ (ఓహెచ్ గుంపు) చేరుతుంది.

మార్చాల్సిన అణువు సమయానికి దొరకకపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్ జారిపోతుంది. ఖరీదైన ఎన్ఏడీపీహెచ్ వృథా, పైగా ఎంజైముకూ చేటు. ఆ ఖర్చు తగ్గించడానికి గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్ అనే మరో ఎంజైమును చర్య జరిగే పాత్రలోనే వేసి, చవకైన గ్లూకోజ్‌తో ఎన్ఏడీపీహెచ్‌ను మళ్లీ మళ్లీ పుట్టిస్తారు.