యాక్టివ్ క్రాసోవర్ కొనబోయే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాటలోని మంద్ర స్వరాలను వూఫరుకూ (పెద్ద స్పీకరు), తార స్వరాలను ట్వీటరుకూ (చిన్న స్పీకరు) పంచేదే క్రాసోవర్. నీ టూవే (వూఫరు, ట్వీటరు రెండే ఉన్న) స్పీకర్లలో యాంప్లిఫయర్ తర్వాత పంచే పాసివ్ క్రాసోవర్ తీసేసి, యాంప్లిఫయర్‌కు ముందే పంచే యాక్టివ్ క్రాసోవర్ పెట్టాలన్న ఆలోచన మంచిదే. అయితే ప్రతి డ్రైవరుకూ (వూఫరుకూ, ట్వీటరుకూ) విడిగా ఒక యాంప్లిఫయర్ చానల్ కావాలి కనుక, స్టీరియోకు నాలుగు చానళ్లు సమకూరాకే క్రాసోవర్ బేరానికి దిగు.

ముందుగా ట్వీటర్ డేటాషీట్ తీసి దాని రెజొనెన్స్ (అది సహజంగా కంపించే పౌనఃపున్యం) ఎంతో చూడు. అది 900 హెర్ట్జ్ అయితే దానికి రెట్టింపైన 1800కు దిగువన విభజించకూడదు. మరోవైపు నీ ఆరున్నర అంగుళాల వూఫరులో కోను వెడల్పు సుమారు 13 సెంటీమీటర్లు ఉంటుంది. 2600 హెర్ట్జ్ దగ్గర ధ్వని తరంగం పొడవు కూడా అంతే కాబట్టి, ఆపైన శబ్దం ఎదురుగా కూర్చున్నవారికే తప్ప పక్కవారికి సరిగా చేరదు. అందువల్ల 2000కూ 2500కూ మధ్య విభజించగలిగేది, ఆక్టేవుకు (పౌనఃపున్యం రెట్టింపు లేదా సగం అయ్యే ప్రతిసారీ) 24 డెసిబెళ్ల చొప్పున ధ్వనిని తగ్గించే లింక్‌విట్జ్-రైలీ ఫిల్టర్ ఉన్నదే తీసుకో. ఆ ఫిల్టరులో విభజన బిందువు వద్ద రెండు డ్రైవర్లూ 6 డెసిబెళ్లు తగ్గి, ఒకే ఫేజులో (తరంగాలు ఒకేసారి ఎగసి పడుతూ) కలిసి, మొత్తం సమతలంగా వస్తుంది.

నా మొగ్గు డిజిటల్ క్రాసోవర్ వైపే. వూఫరు కంటే ట్వీటరు 3.4 సెంటీమీటర్లు ముందున్నట్లయితే ట్వీటరుకు 0.1 మిల్లీసెకను ఆలస్యం ఇచ్చి సరిదిద్దవచ్చు. మినీడీఎస్పీ 2x4 హెచ్‌డీ వంటి రెండు ఇన్‌పుట్లు, నాలుగు అవుట్‌పుట్లు గలది నీకు చాలు. స్టేజీ కోసం చేసిన క్రాసోవర్లు చవకగా దొరికినా, అవి 1.23 వోల్టుల స్థాయికి తయారైనవి. ఇంటి పరికరాల స్థాయి 0.316 వోల్టులే. ఆ 12 డెసిబెళ్ల తేడా వల్ల పరికరం సొంత రొద పాటకు దగ్గరవుతుంది. కొనే ముందు, పాట ఏదీ పెట్టకుండా ట్వీటరుకు చెవి ఆనించి విను. అక్కడ వినిపించే బుస రాత్రిపూట వీణ వింటున్నప్పుడు నిన్ను వదలదు.

ఇక కరెంటు సంగతి. ఒకసారి మా ఇంట్లో కరెంటు పోయి వచ్చినప్పుడు, అన్నీ ఒకే స్విచ్చు మీద ఉండటంతో, క్రాసోవర్ నుంచి వచ్చిన ఒక్క "ధబ్" దెబ్బకు ఎడమ ట్వీటరు మూగబోయింది. విప్పి చూస్తే వెంట్రుకంత సన్నని కాయిల్ తీగ నల్లగా మాడి తెగి ఉంది. నాకు ఇప్పటికీ బాధే. కాబట్టి క్రాసోవర్ ముందు, యాంప్లిఫయర్ చివర ఆన్ చేయి. ఆపేటప్పుడు యాంప్లిఫయరే ముందు. కరెంటు రాక మన చేతిలో లేదు గనుక, అలాంటి దెబ్బ ట్వీటరును చేరకుండా 8 ఓముల ట్వీటరుకు సిరీస్‌లో 20 మైక్రోఫారడ్ల ఫిల్మ్ కెపాసిటర్ పెట్టాకే యాంప్లిఫయర్ వైరు కలుపు.